మూత తీసే ముందు

అబద్ధం చెప్పడం ఇంత సులువని ముందే తెలిసుంటే ప్రసన్నకుమారి నాలుగేళ్ళ కిందటే మొదలుపెట్టి ఉండేది.

పది గంటలకు అటెండరు మునిరత్నమ్మ ల్యాబ్‌లోంచి బయటికొచ్చి, ఆమెను వరండా చివరికి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"ప్రసన్నమ్మా, ఈ పొద్దు నువ్వు దూరం గీరం కాదు గదా? ఆయుధ పూజ గదమ్మా. ఆడపిల్లోళ్ళని అడిగి లోపలికి పంపమన్నాడు పూజారి."

"దూరమే," అంది ప్రసన్న.

"ఎన్నో దినం?"

"రెండో దినం."

"అయ్యో పాడుగాను! పళ్ళెం నువ్వు గదా పట్టాల్సింది! సర్లే, ఈడనే బల్ల మింద కూసో. లోపలికి మాత్రం రావాకు తల్లీ, నాకు మాటొస్తాది."

నిజానికి ఆమెకు నెలసరి వచ్చి వెళ్ళి పది రోజులైంది. కానీ ఒక్క మాటతో పళ్ళెం తప్పింది. నాలుగేళ్ళుగా మోస్తున్న పళ్ళెం. శాలువా మడత పైకి కనబడాలి, దాని మీద గంధపు దండ, పక్కన గాజు పలకలో వెంకటేశ్వరస్వామి. మోసే మనిషి ఎడమవైపు, అర అడుగు వెనకగా నిలబడాలి. క్వాంటమ్ సిద్ధాంతం మీద జాతీయ సదస్సయినా అంతే, రిటైరైన గుమాస్తాకు వీడ్కోలయినా అంతే. డాక్టరేటు కోసం వచ్చిన ఆడపిల్లకు ఈ డిపార్ట్‌మెంట్ మొదట నేర్పే విద్య అది. ఫోటోలో మోచేయి మాత్రం పడుతుంది. మెట్ల పక్క గోడ మీద ఫ్రేము కట్టిన ఫోటోల్లో ఆమె మోచేతులు మొత్తం ఏడు ఉన్నాయి. ఎనిమిదో దాని విషయంలో అది తనదో, సత్యవేడు నుంచి వచ్చి తనతో పాటే చేరిన అమలదో తేల్చుకోలేక గాజుల రంగు మీద ఇద్దరూ పది నిముషాలు వాదించుకున్నారు. నిన్న ప్రొఫెసర్ యోగానంద అమలను పిలిచి, రేపొక్క పూటకు బొట్టు పెట్టుకో అమ్మా, మీ మతానికేం కాదు, ఫోటో నిండుగా ఉంటుంది అన్నాడు. అమల తలూపి బయటికొచ్చింది. వరండాలో మాత్రం, "మోచేతికి బొట్టేందిమే?" అంది. ఇవాళ ఆ పళ్ళెం అమల చేతికి మారి ఉంటుంది. పాపం అనిపించింది కానీ లేచి వెళ్ళేంత పాపం అనిపించలేదు. బల్ల చల్లగా ఉంది. కిటికీలోంచి కొండ ఆకుపచ్చగా, ఎవరితోనూ నిమిత్తం లేనట్టు నిలబడి ఉంది. కింద రోడ్డు మీద ఆటోవాడెవడో అలిపిరి, అలిపిరి అని అరుస్తున్నాడు. ఆ కొండే లేకపోతే ఢిల్లీ వాళ్ళకు ఈ ఊళ్ళో ఒక యూనివర్సిటీ ఉందన్న సంగతి గుర్తుండేదా? ప్రాజెక్టు పరిశీలనకు పెద్దలంతా తిరుపతికే ఎందుకు ఉత్సాహంగా బయల్దేరతారో తెలుసుకోవడానికి ఫిజిక్స్ చదవక్కర్లేదు. ఈ దొరస్వామి గారూ అంతే. మొన్న దిగాడు, నిన్న దర్శనం చేసుకున్నాడు, ఇవాళ గుండుకు గంధం పూసుకుని, పది లడ్లున్న సంచీ కారులో పెట్టించి, దేశంలో క్వాంటమ్ టెక్నాలజీ భవిష్యత్తును తేల్చడానికి వచ్చాడు. మధ్యాహ్నం రైలుంది. భవిష్యత్తుకు గంటన్నర ఇచ్చాడు.

తలుపు సందులోంచి శబ్దం వినిపించింది. టిక్. వెంటనే టిక్, టిక్. మళ్ళీ ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత టిక్. ఆమె కళ్ళు మూసుకుంది. ఆ శబ్దం ఒక్కటే ఈ భవనంలో ఎవరి ప్రాపకం లేకుండా పుట్టింది. లోపల నల్ల రంగు పూసిన రేకు పెట్టె ఉంది, దాని కడుపులో అరచేతి పొడవు గాజు ట్యూబు ఉంది. లేజర్ వెలుతురును పలచన చేసి, ఇంకా పలచన చేసి, ఒక్కొక్క రేణువుగా విడిపోయేదాకా పలచన చేసి ఆ పెట్టెలోకి పంపితే, రేణువు తగిలినప్పుడల్లా ట్యూబు ఒక టిక్కుతో చెబుతుంది. ఇంకెవరూ దొంగచాటుగా చదవలేని సందేశాలు రేపు ఆ రేణువుల మీదే పంపుతారని ప్రాజెక్టు ఫైలు మొదటి పేజీలో ఉంది. ఆ పేజీ రాసింది ఆమె. వెలుతురు అసలు లేకపోయినా ట్యూబు తనంతట తాను కాస్త సణుగుతుంది. ఆ సణుగుడు తగ్గాలంటే గంటల తరబడి చీకట్లో, వోల్టేజ్ పెట్టి వదిలెయ్యాలి. అందుకే తెల్లవారుజామున ఐదున్నరకే వచ్చి వోల్టేజ్ ఎక్కించింది. ఏడింటికి సెకనుకు ఇరవై, ఎనిమిదింటికి పది, ఇప్పుడు మూడు. మూడంటే అద్భుతం. ఆ సంగతి లోపలున్న పాతికమందిలో అమలకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళకు అది గోడ మీద బల్లి చప్పుడు.

ఆ టిక్కు వినిపిస్తున్న స్పీకరు కార్వేటినగరం నుంచి వచ్చింది. బస్టాండు పక్కన నాయన గంగాధరం రేడియో రిపేరు కొట్టులో, పాత సెట్టులోంచి ఊడదీసింది. పద్నాలుగేళ్ళప్పుడే ఆమె అతుకు పెడితే తీగ కదిలేది కాదు. టంకం వేసేటప్పుడు కాలే రజనం వాసన, నాయన చొక్కాకూ అదే వాసన, పాఠశాల నుంచి రాగానే స్టూలు మీద ఎక్కి కూర్చోవడం, విరిగిన సెట్టు గొంతు విప్పినప్పుడు నాయన కళ్ళల్లోకి చూడటం. సెట్టు తీసుకోవడానికొచ్చినవాళ్ళు ఎవరు బాగు చేసినారప్పా అంటే నాయన తడుముకోకుండా, నేనే అనేవాడు. ఒకసారి అడిగింది, నేను గదా నాయనా చేసింది అని. "ఆడబిడ్డ అతికినాదంటే మళ్ళీ ఇప్పి సూడమంటారు తల్లీ," అన్నాడు ఆయన, తల నిమురుతూ. ఆ నిమరడంతో పదమూడేళ్ళు సరిపెట్టుకుంది. ఈ బల్ల మీద, ఈ టిక్కు వింటూ, ఇప్పుడు సరిపెట్టుకోవడం కుదరలేదు. నాయన ప్రేమతో చేశాడు, యోగానంద ప్రేమ లేకుండా చేస్తున్నాడు. జరిగిన పని మాత్రం ఒకటే. అమ్మకు ఈ మాట చెబితే, మీ నాయన్ని యోగానందతో జత చేస్తావా అని రెండు రోజులు మాట్లాడదు. చెప్పదు. కానీ జత కట్టేశాక విప్పడం ఎలా?

యోగానంద కారణాలు యోగానందకున్నాయి. మనిషికి కారణాలు ఎప్పుడూ కొరత కాలేదు. "ప్రాజెక్టు ఐదేళ్ళమ్మా. నువ్వు రేపో మాపో పెళ్ళి చేసుకుంటావు. నీ పేరు పెట్టి, నువ్వు పోతే ఢిల్లీలో నా ముఖం ఏం కావాల?" అన్నాడు పోయిన నెల, ఆమె తెచ్చిన కాఫీ తాగుతూ. ప్రాజెక్టు ఫారంలో పరికరం తయారుచేసినవారు అన్న గడిలో రఘునాథ్ పేరు పడింది. ఆ గడిలో ఎవరుంటే వాళ్ళకే సైంటిస్టు ఉద్యోగం. ఉన్నది ఒక్కటే. రఘునాథ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావడానికి కూడా కొంత పనితనం కావాలి. టై కడతాడు, ఇంగ్లీషు గుక్కతిప్పుకోకుండా మాట్లాడతాడు, ఆమెకంటే రెండేళ్ళు వెనక చేరాడు, అక్కా అని పిలుస్తాడు. "అక్కా, నువ్వు రాసిచ్చినట్టే చెప్తాలే, ఒక్క ముక్క మార్చను," అన్నాడు నిన్న. మార్చాలంటే అర్థం కావాలిగా. పోతూ పోతూ స్క్రూ డ్రైవరు అడిగాడు.

స్క్రూ డ్రైవరు.

ఆమె కళ్ళు తెరిచింది. స్క్రూ డ్రైవరు ఎందుకు రఘూ అంటే ఏమన్నాడు? పూజారి గారు బొట్టు పైన కాదు, యంత్రం గుండెకు పెట్టాలంటున్నారక్కా అన్నాడు. నవ్వి ఇచ్చేసింది. ఎందుకంటే పెట్టె మూత మీద ఎర్ర అక్షరాలతో ఆమె అంటించిన కాగితం ఉంది: మూత తీసే ముందు వోల్టేజ్ ఆపాలి. నాలుగు స్క్రూల మధ్య, కళ్ళున్న ఎవడికైనా కనబడేలా. వోల్టేజ్ మీదున్న ట్యూబుకు గది వెలుతురు తగిలితే సణగదు, కాలుతుంది. ఒక్కొక్క రేణువు కోసం చెవి రిక్కించి కూర్చున్న దాని మీద కోట్ల కోట్లు ఒక్కసారి విరుచుకుపడతాయి. కొన్ని సెకన్లు చాలు. కాగితం ఉందిలే అనుకుంది. ఉందా? నిన్న సాయంత్రం అరటి పిలకలు కట్టిస్తూ యోగానంద, ఈ చెత్త కాగితం ఏంది, ఫోటోలో అసహ్యంగా ఉంటుంది అన్నాడు కదా. మునిరత్నమ్మ గోటితో గీకింది కదా. అక్కడ బంతిపూల దండ వేసింది కదా. ఆమె చూస్తూనే ఉంది. పొద్దున వోల్టేజ్ ఎక్కించినప్పుడు ఆ దండను పక్కకు జరిపింది కూడా. జరిపి, ఆ కాగితం లేని సంగతి పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికి పూజలో తానూ లోపలే ఉంటానన్న ధీమా. పళ్ళెం పట్టుకునైనా సరే పెట్టె పక్కనే ఉంటుంది. అబద్ధం ఆలోచన పదింటికి గదా పుట్టింది.

గడియారం పదీ నలభై. ముహూర్తం పదీ యాభై. మునిరత్నమ్మ కొబ్బరికాయల బుట్టతో వస్తోంది.

"మునిరత్నమ్మా, రఘునాథ్‌తో ఒక మాట చెప్పు. వోల్టేజ్ ఆపినాకనే మూత తియ్యమని చెప్పు. మరిచిపోవాకు. ఆపినాకనే."

"ఓల్టేజీ ఆపినాక మూత. సరే సరే."

పోయింది. మూడు నిముషాలకు లోపల నవ్వులు వినిపించాయి, గదంతా కలిసి నవ్విన నవ్వు. మునిరత్నమ్మ తలుపు సందులోంచి ముఖం మాత్రం బయట పెట్టింది.

"రఘు బాబు ఫోటోలకు నిలబడుండాడు. సారుకు చెప్పినా. ఓల్టేజీ సంగతి మొగోళ్ళం మేం సూసుకుంటాం, ఆయమ్మని ఆడనే రెస్టు తీసుకోమను అన్నాడు."

తలుపు మూసుకుంది. టిక్, టిక్, టిక్.

సరే. చూసుకోండి. ఆమె వీపు గోడకు ఆనించింది. కాలిపోనీ. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే దాన్ని కాసేపు నోట్లో పెట్టుకుని చప్పరించింది. రఘునాథ్ టై సర్దుకుని, డియర్ సర్స్ అని మొదలుపెట్టి, నాబ్ తిప్పుతాడు. ఏమీ రాదు. ఇంకాస్త తిప్పుతాడు. యోగానంద కర్చీఫు తీస్తాడు. దొరస్వామి రైలు టైము చూసుకుంటాడు. అప్పుడు మునిరత్నమ్మ పరుగెత్తుకొస్తుంది, ప్రసన్నమ్మా సారు రమ్మంటాడు అని. తాను దూరం కదా, లోపలికి రాకూడదు కదా అంటుంది. ఆ మాట చెప్పే తీరు కూడా సిద్ధమైపోయింది, కళ్ళు దించుకుని, వినయంగా. ఇప్పుడు లోపలికి వెళ్తే ఏమౌతుంది? దూరమైన మనిషి పూజలోకి దూరిందంటారు. కాదు, బాగానే ఉన్నాను అంటే పూజ దగ్గర అబద్ధమాడిన మనిషి అంటారు. తన డాక్టరేటు మీద సంతకం పెట్టాల్సినవాడు యోగానంద. తప్పించుకునే తెలివి అనుకుని పదింటికి తానే తలుపుకు బయట గడియ పెట్టుకుంది. అందరినీ మూర్ఖులని లెక్కేస్తూ వచ్చింది, ఆ లెక్కలో ఒక పేరు వదిలేసింది. పోనీ, కాలిపోనీ. ఆ ట్యూబు ఎవరిది? కస్టమ్స్ కాగితాల కోసం మద్రాసుకు ఆరుసార్లు ఎర్ర బస్సులో పోయింది ఆమె. ఊక పోసిన పెట్టెలోంచి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తింది ఆమె, అమల. ఇంకో ట్యూబు రావాలంటే రెండేళ్ళు. తన థీసిస్ మూడో అధ్యాయానికి ఇంకా పదకొండు కొలతలు కావాలి. అది కాలితే యోగానందకు ఒక పూట అవమానం, రఘునాథ్‌కు ఒక పూట చెమట. వాళ్ళు వచ్చే వారానికి మరో ప్రాజెక్టు రాసుకుంటారు. తనకు? వాళ్ళ మీద కసితో కాలుస్తున్నది తన చేతులనేనా? అయినా ఆ గాజు ముక్క ఏం తప్పు చేసింది, అది మనుషుల్ని చూసి టిక్కు కొట్టదు, ఎవరు అతికితే వాళ్ళకే—

టిక్ టిక్‌టిక్ టిక్కులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, వేడి నూనెలో దోసెడు ఆవాలు పోసినట్టు చిటపటలై, అతుక్కుపోయి, ఒకే హోరయ్యాయి.

తలుపు ఎప్పుడు తోసిందో ఆమెకు తెలియదు. కిటికీలకు నల్ల తెరలు వేసిన గదంతా ట్యూబు లైట్లు. మూత పక్కన పడుంది. రఘునాథ్ స్క్రూ డ్రైవరు పట్టుకుని కెమెరా వైపు నవ్వుతున్నాడు. పూజారి ఒక చేత్తో కర్పూర హారతి తిప్పుతూ, రెండో చేతి కుంకుమ వేలును ట్యూబు దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

"అమలా, లైట్లు!"

అమల ఎందుకని అడగలేదు. పళ్ళెం తెచ్చి పూజారి కుంకుమ చేతిలోనే పెట్టేసి, పోయి తలుపు నెట్టి, స్విచ్చులన్నీ ఒక్క దెబ్బతో ఆపేసింది. ప్రసన్న నాబ్‌ను సున్నాకు తిప్పింది. చీకట్లో ఒక్క హారతి మిగిలింది. దాన్ని ఉఫ్ మని ఊదేసింది.

ఆమె చేతులు మూతను వెతికి, పెట్టె మీద బిగించి, తడిమి తడిమి నాలుగు స్క్రూలూ తిప్పాయి. లైట్లు వెలిగాక ముందుగా గొంతు లేచింది మునిరత్నమ్మకే.

"అయ్యయ్యో! దూరమైన మనిషి హారతి ఆర్పేసినాదే!"

"పసుపు నీళ్ళు తెండి," అన్నాడు పూజారి, చేతిలో శాలువా పళ్ళెంతో. "ముందు యంత్రం మింద చల్లాల."

"నీళ్ళు చల్లితే శుద్ధి కాదు స్వామీ, సమాధి," అంది ప్రసన్న. "నేను దూరం కాదు. అబద్ధం చెప్పినా."

"అబద్ధమా? పూజ కాడ అబద్ధమా?" యోగానంద ముఖం ఎర్రబడింది. "ఎందుకు?"

"పళ్ళెం మొయ్యలేక సార్."

మంత్రాల మధ్య కునుకు తీసిన దొరస్వామికి ఇప్పుడు పూర్తిగా తెలివొచ్చింది. ఏం జరిగిందని అడిగాడు. చిన్న వోల్టేజ్ సమస్య సార్, మా రఘునాథ్ చూసుకుంటాడు అన్నాడు యోగానంద. దొరస్వామి రఘునాథ్ వైపు తిరిగాడు, ఎట్టకేలకు ఒక ప్రశ్న అడిగే అవకాశం దొరికిన ముచ్చటతో.

"ఎంత వోల్టేజ్ బాబూ ఇది?"

"టూ థర్టీ సార్."

"టూ థర్టీ గోడలో ఉండేది," అంది ప్రసన్న. "పెట్టెలో పదకొండు నూర్ల యాభై."

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. దొరస్వామి గంధపు గుండు తడుముకున్నాడు. "ఈ అమ్మాయి ఎవరు?"

"మా స్కాలరే సార్. మహిళలు ముగ్గురు ఉండారు. ఫారంలో సంఖ్య రాసేసినాం."

"ఆఁ, మహిళల గడి ఒకటుంది, పైన అడుగుతారు. ఈమె పేరు కూడా అందులో వేసెయ్యండి."

"ఆ గడి పేర్లు అడగదు సార్, ఎంతమంది అని మాత్రం అడుగుతుంది," అంది ప్రసన్న. ఫైలు ఆమె టైపు చేసిందే. "ఆ గడి వద్దు. తయారుచేసినవారు అని పైన ఇంకొకటి ఉండాది. అందులో రాయండి. రాస్తే వోల్టేజ్ వేస్తా. లేదంటే మీరే వేసుకోండి."

యోగానంద రఘునాథ్‌ను చూశాడు. రఘునాథ్ నాబ్‌ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్కే చేసింది సార్," అన్నాడు చివరికి. నిజాయితీతో అన్నాడో, ఆ నాబ్ మీద చెయ్యి పెట్టాల్సి వస్తుందన్న భయంతో అన్నాడో అతనికే తెలిసుండదు.

దొరస్వామి వాచీ చూసుకున్నాడు. "రాసెయ్యండి ప్రొఫెసర్. నాకు రైలుకు టైమవుతోంది."

న్యాయం అలా జరిగింది, రైలు టైము మీద. యోగానంద పెన్ను తీశాడు. రఘునాథ్ పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు, దాని పైన ఇరుకుగా రాశాడు. ప్రసన్న వంగి ఒక్కొక్క అక్షరం చదువుకుంది. ఇనిషియల్‌తో సహా. తర్వాత నాబ్ మీద చెయ్యి పెట్టి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తిప్పింది. స్పీకరు మొదట పలకలేదు. ఇంకాస్త తిప్పింది. టిక్. టిక్ టిక్. ఆ తర్వాత రేకుల మీద వాన పడినట్టు ఒకటే చప్పుడు.

"ఆహా!" అన్నాడు దొరస్వామి. "ఎన్ని! ఎంత కాంతి!" చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి యోగానంద కొట్టాడు, రఘునాథ్ కొట్టాడు, పళ్ళెం కింద పెట్టి పూజారి కొట్టాడు. కెమెరా వెలిగింది. అమల మాత్రం చేతులు కట్టుకుని స్పీకరునే చూస్తోంది.

ప్రసన్న చెవిలో లెక్క దానంతటదే నడుస్తోంది. మూడు కాదు. నలభై. నలభై పైనే. చీకట్లో వారం రోజులు పెడితే పదికి దిగుతుందేమో, దిగకపోతే మూడో అధ్యాయం ఇక్కడితో సరి. ఆమె చప్పట్ల మధ్యలో చెయ్యి ఎత్తింది.

"ఆపండి సార్. లేజర్ ఇంకా వెయ్యలేదు. లోపల వెలుతురే లేదు. మీరు చప్పట్లు కొడతా ఉండేది దెబ్బ తిన్న ట్యూబుకి."

చేతులు ఒక్కొక్కటిగా ఆగాయి. అందరికంటే ఆఖర్న ఆగినవి యోగానందవి. ప్రసన్న స్టూలు లాక్కుని పెట్టె ముందు కూర్చుని, నోటు పుస్తకం తెరిచి, టైము వేసి, మొదటి నిముషం లెక్క రాయడం మొదలుపెట్టింది.